నా వీపు నాకు కనపడలేదు

పోయిన నెల చివరి మాత్ర మింగాను. ఖాళీ అట్టను చెత్తబుట్టలో వేయబుద్ధి కాక బీరువా తలుపు లోపలి వైపు అంటించి పెట్టాను. మా ఆయన యాదగిరి అది చూసి, దానికి బొట్టు కూడా పెడతవా ఏంది అన్నాడు. పదిహేను నెలల్లో ఆయన నన్ను ఆటపట్టించడం అదే మొదటిసారి. గండం గడిచిందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సగం నా మనసు కుదుటపడటానికి. మిగతా సగం నాలాంటి యోగా టీచర్ల కోసం. ఊరందరి వెన్నూ సరిచేసేవాళ్ళం కదా, మనకు జబ్బు చేసిందంటే ఒప్పుకోవడానికి మహా నామోషీ. ఆ నామోషీ వల్ల నా వెన్నులో రెండు పూసలు పాడయ్యాయి. ఒక మనిషికి చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఉండిపోయాను. పూసల సంగతి డాక్టర్లు చూసుకున్నారు. రెండోదానికి మందు లేదు.

ఆ మనిషి రాఘవరావు సార్. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో గాజు ఊదే పని చేసి రిటైరయ్యారు. ప్రయోగశాలకు కావలసిన గొట్టాలూ సీసాలూ మంట మీద పెట్టి నోటితో ఊది తయారు చేయడం ఆయన ఉద్యోగం. అందుకే కాబోలు, ఊపిరి గురించి ఆయన చెబితే వేరేగా ఉండేది. మా అమ్మాయి మౌనికను హబ్సిగూడలో ట్యూషన్ లో దింపి, గంటసేపు పక్కనున్న పార్కు బెంచీ మీద కూర్చునేదాన్ని. నాకప్పుడు ఆయాసం. నాచారం ఫ్యాక్టరీల గాలికి తోడు ఇంట్లో దుమ్ము, జేబురుమాలు లేకుండా అడుగు బయట పెట్టేదాన్ని కాదు. ఆ పార్కులో సార్ పదిహేను మందికి ఊరికే యోగా నేర్పేవారు. నాలుగో రోజో ఐదో రోజో నా బెంచీ దగ్గరికి వచ్చి, ఊరికే కూర్చునే బదులు ఊపిరైనా సరిగ్గా తీసుకోవచ్చు కదమ్మా అన్నారు. అలా మొదలైంది.

మూడేళ్ళు నేర్చుకున్నాక, నేనూ నేర్పుతాను సార్ అని అడిగాను. ఆయన వెంటనే సరే అన్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆరు నెలలు నేను ఒక్క ఆసనం కూడా వేయకూడదు. క్లాసు వెనక నిలబడి అందరి వీపులూ చూడాలి, అంతే. క్లాసు అయిపోగానే ఆయన నన్ను పిలిచి ఒకటే ప్రశ్న అడిగేవారు.

"ఏం కనపడిందమ్మా?"

ఏం లేదు సార్ అనేదాన్ని. అయితే రేపు రా అనేవారు. నెల రోజులు ఇదే వరస. నామీద కోపమేమో, వద్దని చెప్పలేక ఇలా సతాయిస్తున్నారేమో అనుకున్నాను. రెండో నెలలో ఒక రోజు, మూడో వరుసలో ఆవిడ కుడి కాలు మీదే బరువంతా వేస్తోంది సార్ అన్నాను. సార్ నవ్వలేదు, మెచ్చుకోలేదు. ఆవిడకు ఎడమ మోకాలు ఆపరేషన్ అయిందనీ, ఎవరికీ చెప్పలేదనీ మాత్రం చెప్పారు. ఆరు నెలలూ అయ్యాక నాచారం వెళ్ళి నేర్పుకో అన్నారు. ఎప్పుడూ వెనక నుంచి చూడు, నువ్వు ముందు నిలబడి వేస్తూ పోతే వాళ్ళను చూసేదెవరు అన్నారు.

నేను మాత్రం క్లాసు ముందు వైపే నిలబడ్డాను. కాలనీ కమ్యూనిటీ హాల్లో మొదట ఐదుగురు వచ్చారు. వెనక నిలబడి నోటితో చెబితే వాళ్ళకు ఆనలేదు. మేడం మీరు చేసి చూపెట్టండి అన్నారు. చేసి చూపెట్టాను. నా చక్రాసనం చూసి నోళ్ళు తెరిచారు. ఆ నోళ్ళు చూస్తే నాకూ బాగానే ఉండింది, అబద్ధం ఎందుకు ఆడాలి. ఐదుగురు పన్నెండయ్యారు, పన్నెండు ఇరవై ఆరయ్యారు. మేడం నడుము రబ్బరు లెక్క వంగుతదని వీధిలో చెప్పుకునేవాళ్ళు. నేను చక్రాసనంలో ఉన్న ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించి హాలు గేటుకు కట్టించారు.

ప్రతి గురుపౌర్ణమికి సార్ ను పిలిచి శాలువా కప్పేదాన్ని. జబ్బుకు రెండేళ్ళ ముందు వచ్చినప్పుడు ఆయన శాలువా కప్పించుకుని, క్లాసంతా చూసి, లేచి అందరి ముందే అన్నారు. "విజయా, నువ్వు చూడటం లేదమ్మా. చూపిస్తున్నావు."

అంతే అన్నారు. కానీ ఇరవై ఆరు మంది ముందు అన్నారు. నా మొహం మాడిపోయింది. పక్క గదిలోకి పిలిచి చెప్పొచ్చు కదా అనుకున్నాను. మరుసటి ఏడు గురుపౌర్ణమికి ఆయనకు ఫోన్ చేయలేదు. ఆయనా చేయలేదు. హబ్సిగూడ ఎంత దూరమని, బండి మీద పావుగంట. ఆ పావుగంట దూరం నేను రెండేళ్ళు వెళ్ళలేదు.

*

నొప్పి మార్చిలో మొదలైంది. వీపు మధ్యలో, జాకెట్ హుక్కులు పడే చోట. రాత్రి పడుకుంటే తగ్గాల్సింది పోయి పడుకుంటేనే ఎక్కువయ్యేది. నేనేమనుకున్నానంటే, వెన్ను బిగిసింది, ఇంకాస్త వెనక్కి వంచితే వదులవుతుందని. అలా అనుకోవడానికి కారణం ఉంది. మా క్లాసుకు వచ్చే బాలమణికి నడుము నొప్పి ఉండేది. బాలమణి మా వీధి చివర టైలరింగ్ షాపు నడుపుతుంది, పొద్దంతా మిషన్ మీద వంగి కూర్చునే మనిషి. రెండు నెలలు భుజంగాసనం వేయించాను, తగ్గింది. అందరికీ చెప్పుకుని మురిసింది. ఆమెకు పనిచేసిన మందు నాకెందుకు పనిచేయదు అనుకున్నాను. ఆమె నొప్పి వేరు, నా నొప్పి వేరు అని ఆలోచించాల్సింది టీచర్నైన నేనే. ఆలోచించలేదు. రోజూ క్లాసు అయ్యాక ఇంకో ఇరవై నిమిషాలు ఒక్కదాన్నే ఉండి వెనక్కి వంగేదాన్ని. కళ్ళలో నీళ్ళు తిరిగితే, బిగువు వదులుతోందిలే అని సంతోషపడేదాన్ని.

జూన్ కల్లా సన్నబడ్డాను. ఆకలి లేదు. సాయంత్రమయ్యే సరికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారి లేస్తే దిండు తడిసి ఉండేది. క్లాసులో ఆడవాళ్ళు మాత్రం, మేడం ఎంత స్లిమ్ అయిన్రో, మాకూ జర ఆ డైట్ చెప్పుండ్రి అని వెంటపడ్డారు. నేను సిగ్గు లేకుండా రాగి జావ గురించి, సూర్యనమస్కారాల గురించి చెప్పాను. ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు కూడా. జబ్బు నన్ను తింటుంటే దాన్నే పాఠంగా చెప్పాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

యాదగిరి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో ఫిట్టర్. మిషన్ శబ్దం మారితే ఆపి చూడాలి, నడుస్తుంది కదా అని నడిపితే బేరింగ్ పోతది అనేది ఆయన సిద్ధాంతం. దవాఖానాకు పోదాం పా అని ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. నేను గోడకు చెప్పినట్టు వినేదాన్ని. యోగా టీచర్ నడుము పట్టుకుని ఎముకల డాక్టర్ దగ్గర కూర్చుంటే, చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఉప్పల్ లో ఏ ఆస్పత్రికి వెళ్ళినా మా క్లాసు వాళ్ళెవరో ఒకరు తగులుతారు. ఇదీ నా భయం. ప్రాణం మీద లేని భయం ఫ్లెక్సీ మీద ఉండింది.

ఆగస్టులో నాకొక ఉపాయం తోచింది. అప్పటికే కాళ్ళు తేలిపోతున్నట్టు ఉండేవి, ముందు నిలబడి వేసే శక్తి లేదు. క్లాసు మొదట్లోనే, ఈ నెలంతా అందరూ కళ్ళు మూసుకుని చేయండి, చూపు లోపలికి తిప్పండి అని చెప్పాను. వాళ్ళు కళ్ళు మూసుకోగానే నేను గోడకు ఆనుకునేదాన్ని. ఆసనం పేరు, ఊపిరి లెక్క గోడకు ఆనుకునే చెప్పేదాన్ని. గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉండేలా చూసుకునేదాన్ని. నెలన్నర అలా నెట్టుకొచ్చాను. మేడం, ఈ నెల మస్తు ప్రశాంతంగా ఉందన్నారు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, ఆ సామెత నాకోసమే పుట్టిందేమో.

బతుకమ్మకు కొత్త చీర మీదికి జాకెట్ కుట్టించుకోవడానికి బాలమణి షాపుకు వెళ్ళాను. అప్పటికి రెండుసార్లు నా పాత జాకెట్లకు లోపల కుట్టు వేసి బిగించింది. ఈసారి పాత కొలతలు పనికిరావని టేపు తీసింది. వీపు మీద టేపు పెట్టి ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. తర్వాత టేపు పక్కన పెట్టి అరచేతితో తడిమింది.

"మేడం, గీడ బొడిపె లెక్క తాకుతుంది. పోయినసారి లేకుండె. ఒకపారి డాక్టర్ కు సూపెట్టుండ్రి."

భయాన్ని దాచుకోవడానికి కోపం తెచ్చుకున్నాను. నువ్వు కుట్టు సంగతి చూసుకో, వెన్ను సంగతి నాకు తెలుసు అన్నాను. ఆమె తల వంచుకుని కొలత రాసుకుంది. ఆ రోజు ఆమె మొహం నాకు గుర్తుంది. గురుపౌర్ణమి నాడు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

ఇంటికి వచ్చి అద్దం ముందు వెనక్కి తిరిగి చూసుకోవాలని చూశాను. మెడ తిరగలేదు. చేతికి అందే చోటు కాదు అది.

*

సద్దుల బతుకమ్మ నాడు కాలనీ గ్రౌండ్ లో ఆడాం. వంగి చప్పట్లు కొడుతూ తిరిగే ఆట కదా, నేను వంగకుండానే చప్పట్లు కొట్టాను. మూడో చుట్టులోనో నాలుగో చుట్టులోనో మౌనిక నన్ను పక్కకు లాగింది. నేల మీద నా ఎడమ పాదం పడిన చోటల్లా రక్తం మరక. బొటనవేలు గోరు రాయికి కొట్టుకుని లేచిపోయింది. నాకు తెలియలేదు. నొప్పి లేదు. గోరు లేచిపోయినా నొప్పి లేదంటే ఆ పాదానికి స్పర్శ పోయిందని నాకు అప్పుడు అర్థమైంది.

మౌనిక అప్పటికే యాదగిరికి ఫోన్ చేస్తోంది. వీపు మీద బొడిపె సంగతి దానికి ముందే తెలుసు. నేను కసిరిన మర్నాడే బాలమణి దాన్ని బస్టాప్ లో పట్టుకుని చెప్పిందట. అమ్మ వింటలేదు, నువ్వన్నా ఇను అందట.

తర్వాత వారమంతా వరండాలే. ఉప్పల్ లో ఒక డాక్టర్ చూసి స్కానింగ్ రాశాడు. స్కానింగ్ గదిలో టెక్నీషియన్ అమ్మాయి, నలభై నిమిషాలు కదలొద్దు మేడం, మీకు శవాసనం తెలుసా, గట్ల పండుకోండ్రి అంది. పదకొండేళ్ళు శవాసనం నేర్పినదాన్ని. ఆ స్కానింగ్ మిషన్ గొట్టంలో మోతకు ఐదు నిమిషాల్లో ఊపిరాడక, ఇబ్బందైతే నొక్కమని చేతిలో పెట్టిన రబ్బరు బుడ్డి నొక్కేశాను. బయటికి లాగారు. చెమటతో తడిసిపోయాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు. రెండోసారి నా చీలమండ మీద చెయ్యి వేసి, నేను ఇక్కడనే ఉంట అంది, లోపల ఉన్నంతసేపూ తీయలేదు. ఎడమ కాలి మీద వేసింది, నాకు లీలగానే తెలిసింది. అయినా అది ఉందని తెలుసు, అది చాలింది.

అక్కడి నుంచి పెద్ద దవాఖానాకు పంపారు. ఓపీ వరండాలో బెంచీలు చాలక జనం నేల మీద కూర్చున్నారు. నాకు కూర్చోవడమే చేతకావడం లేదు. మేడిపల్లి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తన మూట తీసి నేల మీద పరిచి, పండుకో బిడ్డా, నీ నంబరొస్తే నేను లేపుత అంది. ఆమె పేరు అడగలేదు. ఆమె చీర వాసన మధ్య, పరాయి మనిషి మూట మీద తల పెట్టుకుని, పదకొండేళ్ళలో మొదటిసారి ఎవరేమనుకుంటారో అని ఆలోచించకుండా పడుకున్నాను.

వెన్నులో టీబీ అన్నారు. రెండు పూసలను తినేసిందట, లోపల చీము నరాన్ని నొక్కుతోందట. ఊపిరితిత్తుల్లో లేదు, ఎవరికీ అంటుకోదు, మందులు వాడితే పోతుంది అన్నారు. డాక్టర్ వయసులో చిన్నవాడు. ఎన్ని నెలల నుంచి నొప్పి అంటే ఏడు నెలలన్నాను. ఏం చేసిన్రు అన్నాడు. యోగా అన్నాను. కాసేపు ఫిల్మ్ వైపే చూసి అడిగాడు.

"రోజూ వెనక్కి వంగిన్రా?"

తల ఊపాను. ఆయన తిట్టలేదు. యాదగిరి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఇంటికొచ్చాక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు, నీళ్ళిచ్చేవాడు, బాత్రూంకు రెండు చేతుల మీద ఎత్తుకుపోయేవాడు, మాట లేదు. నాలుగో రోజు మాత్రలు వాంతి చేసుకున్నాను. నేల తుడుస్తూ తుడుస్తూ ఆగి అన్నాడు.

"నేను చెప్తే ఇనలే. బాలమణి చెప్తే ఇనలే. నీ ఒళ్ళు నీకు చెప్తే ఇనలే. ఎవరి మాట ఇన్నవే ఇన్ని రోజులు?"

ఏడ్చాను. ఆయన మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత కోపం ఉన్నా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

*

మూడు నెలలు వెల్లకిలా. పక్కకు తిరగాలన్నా ఎవరో ఒకరు కట్టెను దొర్లించినట్టు దొర్లించాలి. టీబీ అన్న మాట వీధిలోకి ఎలా వెళ్ళిందో గానీ వెళ్ళింది. క్లాసు వాళ్ళలో కొందరు గేటు దగ్గర నుంచే మౌనికను పలకరించి పళ్ళు ఇచ్చి వెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టను. డాక్టర్ చెప్పినా నాకే నమ్మకం కుదరక, నా గ్లాసు వేరే పెట్టమన్నాను. మౌనిక ఆ గ్లాసు తీసుకుని, నా ముందే మిగిలిన నీళ్ళు తాగి, కడిగి మిగతా గ్లాసుల్లో కలిపేసింది. అప్పుడు దానికి డిగ్రీ పరీక్షలు. నా పక్కనే కూర్చుని గొణుక్కుంటూ చదువుకునేది.

బాలమణి మాత్రం రోజూ వచ్చేది. షాపుకు తాళం వేసి, మధ్యాహ్నం అన్నం తిని వచ్చి నా తల దువ్వేది. ఒక రోజు ధైర్యం చేసి, జాకెట్ కొలత నాడు అలా అన్నాను, మనసులో పెట్టుకోకు అన్నాను.

"పెట్టుకోలే మేడం. నాకు ముందే తెలుసు. మీరు కండ్లు మూసుకోమన్నరు గాని నేను మూసుకోలే. మీరు గోడ పట్టుకున్నది రోజూ సూసిన."

అన్ని రోజులూ నేను చూడని మనిషి నన్ను చూస్తూనే ఉంది. నేను పక్క గోడ వైపు తల తిప్పుకున్నాను. ఆమె జడ అల్లడం ఆపలేదు.

కార్తీకంలో సార్ వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. ఎనభై దాటిన మనిషి, ఆటో దిగి మా రెండో అంతస్తు మెట్లు ఎక్కి, గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డారు. బాగా చిక్కిపోయారు. ఆయన ఊపిరిలో గరగర వినపడింది. ఊపిరి నేర్పినాయన ఊపిరి అలా ఉందేమిటని అడగాలనుకుని అడగలేదు. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. సార్, మీరన్నది నిజం, నేను తప్పు చేశాను, నన్ను క్షమించండి. అంతే కదా, ఎంతసేపు పడుతుంది? నేను పాల ప్యాకెట్ ధర గురించి మాట్లాడాను. ఉప్పల్ రోడ్డు మీద పిల్లర్ల పని ఎప్పటికి అవుతుందో అన్నాను. ఆయన అన్నిటికీ ఊ కొట్టారు. చివరికి ఆయనే అన్నారు.

"వీపు ఎవరిది వాళ్ళకి కనపడదమ్మా. పక్కవాళ్ళు చూసి చెప్పాలి. ఆ రోజు నేను అందరి ముందూ అనేసి వెళ్ళిపోయాను. నీకు కోపం వచ్చిందని తెలుసు. నాకూ పంతం వచ్చింది. రెండేళ్ళు నీ వీపు చూడటానికి రాలేదు. అది నా తప్పు."

కాదు సార్ అనడానికి కూడా నోరు రాలేదు. వెన్ను కదలకుండా కట్టిన ఈ బెల్టు తీసేయగానే నేనే హబ్సిగూడ వెళ్ళి, కాళ్ళకు దండం పెట్టి చెబుతాను అని మనసులో అనుకున్నాను. పడుకుని చెప్పే మాట కాదు, నిలబడి చెప్పాలి అనుకున్నాను. అదీ ఒక రకం గొప్పే. మంచం మీద ఉన్నా నాకు గొప్పలు తగ్గలేదు.

లేస్తూ ఆయన పాత ప్రశ్న అడిగారు. "ఇక్కడి నుంచి ఏం కనపడుతోందమ్మా?"

ఫ్యాన్ సార్ అన్నాను. ఆయన నవ్వారు, నవ్వు దగ్గులోకి తిరిగింది. అయితే రేపు రా అనలేదు. యాదగిరి ఆయన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపి ఆటో ఎక్కించి వచ్చాడు.

జనవరి చివర్లో, నన్ను రోజుకు పది నిమిషాలు కూర్చోబెట్టవచ్చు అని డాక్టర్ చెప్పిన ఆరో రోజున, సార్ వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. తెల్లవారుజామున పోయారట.

నేను వెళ్తానన్నాను. బండి వద్దు, ఆటో వద్దు, కారులో పడుకోబెట్టి తీసుకెళ్ళమన్నాను. యాదగిరి వద్దన్నాడు. గుంతల్లో ఒక్క కుదుపు చాలు, మళ్ళా మొదటికి వస్తది అన్నాడు. బతిమాలాను. తిట్టాను. నీకు గురువు ఉంటే తెలిసేది అన్నాను. ఆయన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, అంతే. మౌనిక ఫోన్ లో చూపించమంటావా అంది. వద్దన్నాను. పావుగంట దూరంలో ఆయన్ను ఎత్తుతుంటే నేను ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను. రెండేళ్ళు కాళ్ళు బాగుండి వెళ్ళని దారి అది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు టీబీ అని తెలిసిన రోజు కూడా ఏడవలేదు.

యాదగిరి సాయంత్రం వెళ్ళి వచ్చాడు. స్నానం చేసి వచ్చి నా పక్కన కూర్చుని, ఎవరెవరు వచ్చారో చెప్పాడు. పార్కు క్లాసు ముసలివాళ్ళంతా పాడె వెనక ఒకే వరుసలో నడిచారట.

*

ఉగాదికి నడిచాను. వాకర్ పట్టుకుని వంటింటి దాకా, తర్వాత బాల్కనీ దాకా. వానలు పడే వేళకు బెల్టు తీసేశారు. పాడైన రెండు పూసలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి, అది మంచిదేనట. ఇక మీద నేను వెనక్కి వంగలేను. ముందుకు వంగితే చేతులు మోకాళ్ళ దాకా వస్తాయి. ఎడమ పాదంలో సగం స్పర్శ వచ్చింది, సగం రాలేదు. మొదటిసారి కింద పడిన పెన్ను తీసుకోలేక నిలబడిపోయిన రోజు, నేనింకా టీచర్నేనా అని మౌనికను అడిగాను. ఏమో అమ్మా, సార్ ఎప్పుడన్నా వంగిండా క్లాసుల అంది. గుర్తు చేసుకుంటే నిజమే. ఇన్నేళ్ళలో ఆయన ఆసనం వేయగా నేను చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా క్లాసు చెదిరిపోయింది. చాలామంది మల్కాజిగిరి వైపు వేరే టీచర్ దగ్గర చేరారు. మంచిదే. చివరి మాత్ర వేసుకున్న వారానికి, తొమ్మిది మంది చాలు, మొదలుపెడదాం అని బాలమణే తిరిగి పోగు చేసింది. ముందు రోజు యాదగిరి నిచ్చెన వేసుకుని గేటుకున్న ఫ్లెక్సీ విప్పాడు. ఎండకు వెలిసి నా మొహం తెల్లగా అయిపోయింది, వంగిన నడుము ఒక్కటే స్పష్టంగా ఉంది. దాన్ని మడిచి బండి మీద కప్పడానికి పెట్టుకున్నాడు.

పొద్దున్నే హాలుకు వెళ్ళి చాపలు పరిపించి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్ళి వెనక గోడ దగ్గర వేసుకున్నాను. వాళ్ళు అలవాటుగా ముందు వైపు చూసి, నేను లేక, వెనక్కి తిరిగి చూశారు. అటే చూడండి, నేను ఇక్కడే ఉంటాను, ఎవరూ కళ్ళు మూసుకోవద్దు అని చెప్పాను. తర్వాత నా జబ్బు పేరు చెప్పాను. ఎన్ని నెలలు దాచానో చెప్పాను. రాగి జావ సంగతి కూడా చెప్పాను. క్లాసు మొదలుపెట్టాం.

తొమ్మిది వీపులు. ఒకామె ఊపిరి పైపైనే ఆగిపోతోంది. ఒకామె మెడ బిగబట్టింది. పదకొండేళ్ళు వీళ్ళ మొహాలు మాత్రమే చూశాను, అవి కూడా నన్ను చూస్తున్న మొహాలు. భుజంగాసనం చెప్పాను. రెండో వరుసలో బాలమణి అందరికంటే ఎత్తుగా లేచింది. లేచేటప్పుడు కుడి భుజం ఒక్క క్షణం ముందుకు జారింది. కుడి చెయ్యి మీద బరువు వేయకుండా ఎడమ చేత్తో ఈడ్చుకొస్తోంది. మొహం ముందు నుంచి చూస్తే నవ్వుతూనే ఉండి ఉంటుంది.

"బాలమణీ, ఆగు."

నా క్లాసులో నేను ఎప్పుడూ వాడని మాట అది. ఇంకొంచెం, ఇంకొంచెం అనడమే నాకు అలవాటు. అందరూ ఆగిపోయారు.

"ఏంది మేడం, తప్పు చేసిన్నా?"

తప్పు కాదు, నొప్పి ఎక్కడుందో చెప్పు అన్నాను. ఏం లేదు మేడం అంది. నేను కుర్చీలోంచి లేచి, నిదానంగా ఆమె చాప దగ్గరికి నడిచి, వంగలేను కాబట్టి నిలబడే ఉన్నాను. ఆమె కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని పైకెత్తి చూపించింది. భుజం దాటి లేవలేదు. నేను మంచం మీదున్నన్నాళ్ళు రోజూ నా తల దువ్విన చెయ్యి అది. నాలుగు నెలల నుంచట. మీరు ముందు బాగు కావాలని చెప్పలే అంది.

ఆ మధ్యాహ్నమే ఆమెను వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గర కూర్చున్నాను. భుజం కీలు పట్టేసిందట, పెద్ద జబ్బు కాదు, తగ్గుతుందన్నాడు. బయటికి వచ్చి ఆమెను షాపు దగ్గర దింపి, ఆటో అతన్ని హబ్సిగూడ పోనిమ్మన్నాను. పావుగంట కూడా పట్టలేదు. పార్కులో ఎవరూ లేరు, ఎండగా ఉంది. నా పాత బెంచీ మీద, వీపు ఆనించి, కూర్చున్నాను. చెప్పాల్సిన మాటలు చాలా అనుకుని వెళ్ళాను. క్షమించమని కూడా అడగాలనుకున్నాను. తీరా కూర్చున్నాక ఆయన రోజూ అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాలనిపించింది.

కనపడింది సార్.

చెప్పి, చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అయితే రేపు రా అనేవాళ్ళు లేరు. రేపు మళ్ళీ ఆరింటికి క్లాసు ఉంది.